ద్విచక్రావధానం

సైకిలు ప్రయాణసాధనమని ఇంకా నమ్ముతున్న అమాయకులు కొందరు లోకంలో మిగిలి ఉన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. 1817లో కార్ల్ ఫాన్ డ్రైస్ అనే జర్మను పెద్దమనిషి రెండు కర్రచక్రాలు ఒకదాని వెనక ఒకటి బిగించి, నేలని కాళ్ళతో తన్నుకుంటూ పోయినప్పుడు ఆయనకీ ఎక్కడికో పోవాలనే ఉంది. 1885లో జాన్ కెంప్ స్టార్లీ తన రోవర్ సైకిలు వెనక చక్రానికి చైను తగిలించినప్పుడూ అంతే. మహానుభావులు, అంత తెలివి ఉండీ అక్కడే పొరబడ్డారు. సైకిలు ఎక్కడికీ పోనక్కర్లేదని, గోడకి ఆనుకుని నిలబడితే జనమే దాని దగ్గరికి వస్తారని గ్రహించడానికి మనకి ఇంకో వందేళ్ళు పట్టింది.

మా మిత్రుడొకడు ఈమధ్య సైకిలు కట్టించుకున్నాడు. 'కొనుక్కున్నాడు' అని రాయబోయి దిద్దుకున్నాను. కొనుక్కునేది కూరగాయలు. ఇది ఇల్లు లాంటిది, కట్టించుకోవాలి. ఫ్రేము కట్టే శిల్పి ముందు మనిషిని కొలుస్తాడు. పాదం నుంచి గజ్జల దాకా ఎంత, భుజం నుంచి మణికట్టు దాకా ఎంత, మోకాళ్ళు మడవకుండా వంగితే వేళ్ళు నేలకి ఎంత ఎత్తులో మొరాయిస్తాయి, అన్నీ మిల్లీమీటర్లలో రాసుకుంటాడు. ఆ రోజు మావాడు కడుపు లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. తర్వాత వరసలో తన వంతు రావడానికి నెలల తరబడి ఎదురుచూశాడు. ఎదురుచూపుల్లో ఉన్నవాడు పాత సైకిలు ముట్టుకోడు. కొత్తది రాగానే మొదలుపెడదాం అనుకుంటాడు. దాంతో ఏమైందంటే, సైకిలు వచ్చేనాటికి అది నిరుటి మనిషికి వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. ఈ ఏటి మనిషి వంగలేకపోతున్నాడు. అందుకని హ్యాండిల్ కింద ఉంగరాల్లాంటి స్పేసర్లు నాలుగు పేర్చారు. ఆ నాలుగూ సభలో ఏం చేశాయో ముందు ముందు చెబుతాను.

ప్రదర్శనకి ఒక ఆదివారం పొద్దున్న ముహూర్తం కుదిరింది. ఎనిమిదిమందిమి వెళ్ళాం. ఆరుగురు కార్లలో వచ్చారు. సైకిలు కూడా కారులోనే వచ్చింది, కంబళి కప్పుకుని.

అష్టావధానం చూసినవాళ్ళకి ఈ సభ కొత్తగా ఉండదు. మధ్యన అవధాని, చుట్టూ ప్రశ్నలు వేసే పృచ్ఛకులు. అందరూ ఇలాంటివి ఇంట్లో రెండో మూడో పెట్టుకున్నవాళ్ళే. (మనిషికి ఎన్ని సైకిళ్ళుండాలంటే మావాళ్ళ లెక్క స్థిరం: ఇప్పుడున్నన్ని, ఇంకొకటి.) వచ్చింది మెచ్చుకోవడానికే. కాని ముందే మెచ్చుకుంటే తెలియనివాడి కింద జమకడతారన్న భయంతో ప్రతివాడూ మొదట ఒక లోపం పట్టుకోవాలని చూస్తాడు. నన్ను పిలిచింది ఎనిమిదో సంఖ్య కోసం.

నిషిద్ధాక్షరితో మొదలైంది. 'సీటు' అనకూడదు, 'శాడిల్' అనాలి. 'స్టాండు' మాట ఎత్తకూడదు. 'క్యారేజీ' అంటే ఇక సభలో మన ముఖం ఎవరూ చూడరు. మడ్‌గార్డుకి మాత్రం మినహాయింపు ఉంది, సుత్తితో సాగ్గొట్టిన అల్యూమినియం రేకుదైతే. అన్నిటికన్నా కఠినమైన నిషేధం 'ఎంతైంది?' అన్న మాట మీద. దానికి రెండు అంకెలున్నాయి, ఒకటి ఇంట్లో చెప్పింది, ఒకటి ఇచ్చింది. నేను నోరు జారి అడిగితే మావాడు తొణక్కుండా, "ఫ్రేము వరకా, చక్రాలతో కలిపా?" అని ఎదురడిగి, నేను తేల్చుకునేలోపల గేర్ల మీదికి వెళ్ళిపోయాడు. అవధానమంటే అదీ.

వర్ణనాంశం రంగు. దూరం నుంచి గోధుమరంగులా కనబడింది. ఆ మాటే పైకి అన్నాను. "వెలుగులో చూడు" అన్నారు. వెలుగులోనూ గోధుమరంగే. అది వాన వెలిశాక తడి మొద్దు మీద పడ్డ పొద్దుటెండ రంగని, రంగు వేసే మనిషికీ తనకీ మధ్య దాని కోసమే పదిహేను నమూనాలు తిరిగాయని మావాడు చెప్పాడు. ఒక పృచ్ఛకుడు మోకాళ్ళ మీద కూర్చుని, ఫ్రేము గొట్టాలు కలిసే చోట ఉండే లగ్గులనే తొడుగుల అంచుల్ని గోటితో తడిమి, కళ్ళు మూసుకున్నాడు. రెనాల్డ్స్ 531 ఉక్కు గొట్టాలు వచ్చిన 1935 తర్వాత లోకంలో జరిగినవాటిని ఆయన పెద్దగా లెక్కలోకి తీసుకోడు. పక్కనున్న కార్బన్ ఫైబర్ అభిమాని ఆయన వంక, చితి ఇంకా పేర్చలేదేమని అడుగుతున్నట్టు చూశాడు.

దత్తపదిలో నాలుగు పదాలిచ్చారు, అన్నీ సైకిలు కొలతల పేర్లే: స్టాక్, రీచ్, ఆఫ్‌సెట్, ట్రెయిల్. మావాడు ఒక్క గుక్కలో పూరించాడు. "రీచ్ తగ్గించి స్టాక్ పెంచాం, హెడ్ యాంగిల్ 73 డిగ్రీలు, ఫోర్కు ఆఫ్‌సెట్ 45, కాబట్టి ట్రెయిల్ 56 మిల్లీమీటర్ల దగ్గర తేలింది." యతిభంగం లేదు. తెలియనివాళ్ళ కోసం: ముందు చక్రాన్ని అటూ ఇటూ మళ్ళించే ఇరుసును గీతగా నేల దాకా పొడిగిస్తే, టైరు నేలని తాకే చోటు ఆ గీతకి వెనక ఎంత దూరాన ఉంటుందో అది ట్రెయిల్. ఎక్కువుంటే సైకిలు తిన్నగా పోతుంది, తక్కువుంటే చెప్పీ చెప్పగానే తిరుగుతుంది. గోడకి ఆనించాక ఎంతున్నా ఒకటే. అయినా దాని మీద ముప్పావుగంట చర్చ నడిచింది. ఒక మిల్లీమీటరు ఎక్కువైందని ఒకరు వాదించారు. ఆయన వాదనలో పస ఉందని, సైకిలు నిలబడ్డ తీరులోనే అది తెలుస్తోందని ఇంకొకరు బలపరిచారు.

సమస్య నా వల్ల వచ్చింది. మాట కలుపుదామని "చక్రాలెన్ని అంగుళాలు?" అన్నాను. సభ ఒక్కసారిగా కళకళలాడింది. "27 అంగుళాల చక్రం 28 కన్నా పెద్దది, 28కీ 29కీ తేడా లేదు" అని ఒకాయన పాదం విసిరాడు. గాడిదకి గుర్రం పుట్టిందని సమస్యలిచ్చినవాళ్ళు కూడా ఇంత దుర్మార్గానికి ఒడిగట్టలేదు. పూరణ ఇదీ: అంగుళాలన్నవి టైరు బయటి కొలతకి ఎప్పుడో పెట్టిన పేర్లు, టైరు కూర్చునే రిమ్ము అంచు వ్యాసం వేరే. పాత 27కి అది 630 మిల్లీమీటర్లు. 28 అనిపించుకునే 700సీకి 622. కొండదారుల సైకిళ్ళకి 29 అని చెప్పి అమ్మేదీ అదే 622. మరి 27.5? అది 584, అంటే 27 కన్నా చిన్నది. ఇక్కడికి నాకు తల తిరిగి గోడకి ఆనుకోబోతే, "సైకిలు!" అని ఎనిమిది గొంతులు ఒక్కసారి అరిచాయి.

వ్యస్తాక్షరిలో అక్షరాలూ అంకెలూ చెల్లాచెదరుగా వస్తాయి కదా. బీబీ30, పీఎఫ్30, బీబీ86, టీ47. ఇవన్నీ పెడళ్ళ ఇరుసు దూరే బాటమ్ బ్రాకెట్ అనే గొట్టం కొలతల పేర్లట. పాత ఇంగ్లీషు పద్ధతిలో 68 మిల్లీమీటర్ల గొట్టం, కుడివైపు మర ఎడమకి తిప్పితే బిగుస్తుంది. ఇటలీవాళ్ళది 70, రెండు పక్కలా మామూలు మరే. మర లేకుండా నొక్కి కూర్చోబెట్టేవి తర్వాత వచ్చాయి. అవి కొన్నాళ్ళకి కిర్రుమంటాయి, వాటిని పెట్టించుకున్నవాళ్ళకి మాత్రం ఆ చప్పుడు వినబడదు. ఈ విషయం మీద ఇద్దరు పృచ్ఛకులు మాటలు మానేశారు. నాకు తెలిసినంతలో ఇప్పటికీ మాట్లాడుకోవట్లేదు.

ఇక పుష్పగణనం. అవధాని వీపు మీద పూలు వేస్తుంటే లెక్కపెట్టాలి. ఇక్కడ పూల బదులు గ్రాములు. కొక్కెం ఉన్న డిజిటల్ తక్కెడ తెచ్చారు, సైకిలుని వేలాడదీశారు. 7.9 కిలోలు. "పెడళ్ళు లేకుండా" అన్నాడు మావాడు. చూస్తే నిజమే, పెడళ్ళు బిగించనే లేదు. బరువు చెప్పేటప్పుడు పెడళ్ళు కలపకపోవడం ఈ లోకంలో పెద్దమనిషి తరహా. కాళ్ళు పెట్టే చోటు వదిలేసి సైకిలు బరువు చెప్పగలిగారంటే దాన్ని దేనికి తయారుచేశారో ఇక వేరే రుజువు అక్కర్లేదు. పోటీ సైకిలు 6.8 కిలోలకి తగ్గరాదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం పెట్టింది. మావాడు దానికి లోబడి ఉన్నందుకు సమాఖ్యవారు సంతోషిస్తారనే అనుకుంటున్నాను. సీటు కింది బోల్టులు, తప్పు, శాడిల్ కింది బోల్టులు టైటానియంవి వేస్తే మరో పన్నెండు గ్రాములు తగ్గుతాయని ఒకరన్నారు. అప్పుడు మావాడు ఎందుకో చొక్కా కిందికి లాక్కున్నాడు.

పూర్వం ఎడీ మెర్క్స్ అనే బెల్జియం సైకిలు వీరుడు 1972లో మెక్సికో సిటీలో గంట రికార్డు కోసం ఎర్నెస్తో కొల్నాగో అనే ఇటలీ శిల్పి చేత కట్టించుకున్న సైకిలుకి గొలుసుకి కూడా చిల్లులు పొడిపించాడు, బరువు తగ్గించడానికి. ఆరు కిలోల లోపు సైకిలు. అంత చక్కని వస్తువుని తీసుకెళ్ళి గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కేశాడు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఈ మాట రాగానే అప్రస్తుత ప్రసంగం నా వంతుకొచ్చింది. "ఇంతకీ నువ్వెంత దూరం తొక్కావు?" అన్నాను.

అప్రస్తుత ప్రసంగమంటే అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికి వేసే పిచ్చి ప్రశ్న. అందుకే సభ దాన్ని క్షమించింది. మావాడు నవ్వి, "ఇంకా సెటప్ కుదరాలి" అన్నాడు. తక్కినవాళ్ళూ తలలూపారు. వాళ్ళవీ కుదరాల్సే ఉందట, ఒకాయనది నాలుగేళ్ళుగా. నేను ఊరుకోక గ్రేమ్ ఓబ్రీ సంగతి ఎత్తాను. స్కాట్లండు మనిషి, తన సైకిలు తానే కట్టుకున్నాడు, దాంట్లో బట్టలుతికే యంత్రం బేరింగులు వేశాడు, 1993లో నార్వేలోని హామర్‌లో దాని మీదే గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు పెట్టాడు. అందరూ మర్యాదగా విన్నారు. ఆఖరికి లగ్గుల పెద్దాయన గొంతు సవరించుకుని, "మరి ఫినిషింగ్ ఎలా ఉండేది?" అని అడిగాడు. ఓబ్రీని మా సభకి పిలవకపోవడమే మంచిదైంది.

స్పేసర్ల గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఒకొక్కరే వంగి చూశారు, నాలుగూ లెక్కపెట్టారు, "నెమ్మదిగా తగ్గించుకోవచ్చులే" అన్నారు, జ్వరపడ్డవాణ్ణి పలకరించినట్టు. మావాడి ముఖం చూడలేకపోయాను.

అసలు ఘట్టం ఫొటో. దానికి శాస్త్రం ఉంది. చైనున్న పక్క కెమెరా వైపుండాలి. గొలుసు ముందు పెద్ద పళ్ళచక్రం మీద, వెనక అన్నిటికన్నా చిన్నదాని మీద ఉండాలి. టైరు మీది పేరు సరిగ్గా గాలి వాల్వు దగ్గర రావాలి, రెండు వాల్వులూ అడుగున నిలవాలి. నీళ్ళ సీసా, సంచీ, పంపు, దీపం లాంటి ఉపయోగకరమైన వస్తువేదీ కనబడకూడదు. ఆపైన సైకిలు దేనికీ ఆనకుండా, ఎవరూ పట్టుకోకుండా, తనంత తాను నిలబడి ఉండాలి. ఇందుకొక మనిషి కావాలి. పట్టుకుని ఉండి, 'ఊఁ' అనగానే వదిలి పక్కకి దూకాలి, క్లిక్కుమన్నాక పడేలోపల మళ్ళీ పట్టుకోవాలి. తన సైకిలుకైతే ఎవరైనా దూకుతారు. ఇంకొకడి సైకిలు చేతిలోంచి జారితే స్నేహాలు ఉండవు. ఎనిమిదిమందిమీ తలా ఒక పక్కకి చూస్తూ నిలబడ్డాం.

ఘంటాగణనం మిగిలిపోయిందని అప్పుడే గుర్తొచ్చింది. మధ్య మధ్య గంట కొడుతుంటే ఎన్నిసార్లు కొట్టారో అవధాని చెప్పాలి. కాని సైకిలుకి బెల్లు లేదు, రూపం చెడుతుందని పెట్టించలేదు. వెనక హబ్బు చేసే చిటచిటలే చాలునన్నారు. అది వినిపించాలంటే తొక్కడం ఆపాలి, కాబట్టి ఆ ఏర్పాటు అందరికీ సమ్మతమే.

అంతలో నిజంగానే గంట వినబడింది. రోడ్డు మీద ఒక పెద్దాయన, వయసులో తన కన్నా ఏమంత చిన్నది కాని సైకిలుని నడిపించుకుంటూ వస్తున్నాడు. స్టాండు, క్యారేజీ, క్యారేజీ మీద మూట, నిషిద్ధాక్షరాలన్నీ ఉన్నాయి. ముందు టైరు నేలకి అంటుకుపోయింది. మా దగ్గర ఆగి, "బాబూ, గాలి పంపు ఉందా?" అన్నాడు. ఎనిమిదిమంది సైక్లిస్టులూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పంపులు అందరికీ ఉన్నాయి, ఇళ్ళలో. ఇత్తడి పిడి, గాలి ఒత్తిడి చూపే ముల్లు ఉన్న నిలువు పంపులు. అవి కూడా చూడదగ్గవే.

"లేదు బాబాయ్" అన్నాడు మావాడు. అంతలో కళ్ళు మెరిశాయి. "బాబాయ్, ఒక్క నిమిషం ఇది పట్టుకుంటారా? నేను ఊఁ అనగానే వదిలేయండి."

పెద్దాయన తన సైకిలుకి స్టాండు వేసి, చేతులు పంచెకి తుడుచుకుని వచ్చాడు. పట్టుకున్న తీరు చూస్తే రోజూ చేసే పనిలాగే ఉంది. మావాడు వెనక్కి వెనక్కి నడిచి కెమెరా సర్దుకుంటున్నాడు. అందరం ఊపిరి బిగబట్టాం. పెద్దాయన బొటనవేలు మాత్రం హ్యాండిల్ మీద అటూ ఇటూ తడుముకుంటూ బెల్లు కోసం వెతుకుతోంది.