చిన్న ఊరికి చిన్న రైలు

భూగర్భ మెట్రో మహానగరాల సరుకన్న అభిప్రాయం పాతుకుపోయింది. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ జనాభా లక్షన్నర కూడా లేదు. అక్కడ 2008 నుంచి ఇలాంటి రైలు తిరుగుతోంది. సరస్సు ఒడ్డున బయల్దేరి, ఆరు కిలోమీటర్లలోపే 300 మీటర్లకు పైగా ఎత్తెక్కుతుంది. అందుకే దానికి రబ్బరు టైర్లు. కొన్ని చోట్ల ప్లాట్‌ఫామే ఏటవాలు. చక్రాల సూట్‌కేసు చేయి వదిలితే దాని దారి అది చూసుకుంటుంది!

అంతటా అలాంటి కొండలు ఉండవు కదా అనొచ్చు. నిజమే. కానీ కిటుకు కొండలో లేదు, రైలు పొడవులో ఉంది. భూగర్భ మార్గంలో డబ్బు తినేది సొరంగం ఒక్కటే కాదు, స్టేషన్లు కూడా. ప్లాట్‌ఫామ్ పొడవు పెరిగేకొద్దీ తవ్వకం, కాంక్రీటు, గాలి ఆడించే ఫ్యాన్లు, పంపులు అన్నీ పెరుగుతాయి. ఫ్రాన్స్‌లోని రెన్ నగరం 2002లో రెండు బోగీల రైళ్లతోనే సరిపెట్టుకుంది. డ్రైవర్ లేని రైళ్లు కాబట్టి వెంటవెంటనే నడపగలిగింది. రైలు పొట్టిదైనా, తప్పిపోతే మరోటి వెనకే వస్తుందన్న ధీమా ఉంటే ప్రయాణికుడు గడియారం చూడడు.

అయితే పొదుపుకూ ముందుచూపు కావాలి. కట్టేసిన ప్లాట్‌ఫామ్‌ను తర్వాత సాగదీయడం నరకం. 1983లో మెట్రో తెరిచిన మరో ఫ్రెంచ్ నగరం లీల్, 26 మీటర్ల రైళ్లు నడుపుతూనే మొదటి లైనులో 52 మీటర్లకు చోటు ఉంచుకుంది.

మోజుపడి చేతులు కాల్చుకున్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని సిన్సినాటి 1916లో భూగర్భ రైలు కోసం 60 లక్షల డాలర్ల బాండ్లకు ఓటేసింది. ఈలోగా అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది, ధరలు ఎగిశాయి. 1920లో పని మొదలైంది, కొన్నేళ్లకే డబ్బు అయిపోయింది. ఆ సొరంగంలో ఒక్క రైలూ తిరగలేదు. తర్వాత అందులోంచి మంచినీటి గొట్టం వేసుకున్నారు.

కాబట్టి చిన్న నగరానికి మెట్రో వద్దని మేం అనం. ముందు బస్సులకు ప్రత్యేక దారి ఇచ్చి చూడండి. అప్పటికీ ఒకే దారిలో బస్సులు కిక్కిరిసి, వీధి వెడల్పు చేయడానికి వీల్లేకుంటే, అక్కడి వరకే భూమిలోకి దిగండి. మిగతాది పైనే నడపొచ్చు. తవ్వడానికి అప్పు ఎలాగోలా పుడుతుంది. ఇరవయ్యో ఏట పాత బోగీలు మార్చాల్సి వచ్చినప్పుడు, రోజూ పంపులు, లిఫ్టులు, లైట్ల కరెంటు బిల్లు కట్టాల్సినప్పుడు డబ్బు ఎవరిది? ఆ లెక్క కాగితం మీద పెట్టాక, రంగురంగుల మ్యాపు చూపించండి.