మార్కులు చాలవు, జవాబు పత్రం ఇంటికి పంపండి

పరీక్షలై ప్రగతి కార్డులు చేతికొచ్చే రోజుల్లో బెంగళూరులోని మారతహళ్లి, కేఆర్ పురం, యలహంకల్లోని తెలుగు ఇళ్లలో మొదట వినిపించే మాట ‘ఎన్నొచ్చాయి?’ అన్నదే. ఏవి తప్పాయి, ఎందుకు తప్పాయి అని అడుగుదామన్నా కార్డులో జవాబు ఉండదు. జవాబు పత్రమేమో బడి బీరువాలో ఉంటుంది.

ముందు కార్డు సంగతి. కర్ణాటక రాష్ట్ర పాఠ్యక్రమంలో ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు, అంటే మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), రెండు ఎస్‌ఏలు (సమ్మేటివ్ అసెస్‌మెంట్లు, అంటే అర్ధ సంవత్సరం చివర పెట్టే పెద్ద పరీక్షలు). ఒక్కో ఎఫ్‌ఏకు 15 శాతం, ఒక్కో ఎస్‌ఏకు 20 శాతం విలువ కడతారు. ఒక్క ఎస్‌ఏ పాడైతే ఏడాదంతా పాడైనట్టు కాదు. నూటికి 70 నుంచి 89 దాకా ‘ఏ’ గ్రేడు, 50 నుంచి 69 దాకా ‘బీ ప్లస్’. 69 వచ్చిన బిడ్డకూ 70 వచ్చిన బిడ్డకూ మధ్య ఒక్క మార్కే తేడా, అయినా గ్రేడ్లు వేరు. 70కీ 89కీ మాత్రం గ్రేడు ఒకటే! 20 మార్కుల పరీక్షలో ఒక్క మార్కు పోతే 5 శాతం తగ్గుతుంది కాబట్టి, పోయినసారి 17 వచ్చి ఈసారి 15 వస్తే కంగారు పడనక్కర్లేదు. కొన్ని ప్రైవేటు బడులు బయటి పరీక్షలు పెట్టి పర్సంటైల్ ఇస్తుంటాయి. 60 పర్సంటైల్ అంటే నూటికి 60 మార్కులని కాదు, రాసినవాళ్లలో నూటికి సుమారు 60 మంది కన్నా బాగా రాసినట్టు.

అసలు విషయం జవాబు పత్రంలో ఉంటుంది. 52లోంచి 27 తీసేయమంటే ఒక బిడ్డ 35 అని రాస్తుంది. రెండులోంచి ఏడు పోదు గనుక ఏడులోంచి రెండు తీసి 5 వేసింది. పదుల స్థానంలో 3 వేసింది. ఇలాంటి లెక్కలు నాలుగు ఇస్తే నాలుగూ పోతాయి. కార్డు చూసినవాళ్లు లెక్కల్లో వెనకబడిందంటారు. నిజానికి అక్కడున్న తప్పు ఒక్కటే, పక్క పదిని అప్పు తెచ్చుకోవడం తెలియకపోవడం. పుల్లలను పదేసి కట్టలు కట్టి, ఒక కట్ట విప్పించి చూపితే కొన్నాళ్లలో దారికొస్తుంది.

ఇంగ్లిష్ మీడియంలో ఇంకో చిక్కుంది. రాణి దగ్గర 15 పెన్సిళ్లు, రఫీ దగ్గర 9, రాణి దగ్గర ‘హౌ మెనీ మోర్’ అని అడిగితే ‘మోర్’ చూడగానే కూడేసి 24 రాసే పిల్లలున్నారు. ‘ఎన్ని ఎక్కువున్నాయమ్మా?’ అని తెలుగులో అడిగితే ఆరు అని చటుక్కున చెప్పేస్తారు. లెక్క వచ్చు, ప్రశ్నే అర్థం కాలేదు. ఈ బిడ్డకు లెక్కల ట్యూషన్ పెట్టిస్తే డబ్బు దండగ.

కన్నడలో పోయే మార్కులనూ ఇలాగే చూడాలి. మన పాలు, పులి, పండు అక్కడ హాలు, హులి, హణ్ణు. బొమ్మ చూసి ‘పులి’ అని రాసిన పిల్లాడు ఇంట్లో విన్న మాటే రాశాడు. అనంతపురం, కదిరి వైపు నుంచి మధ్యలో వచ్చి చేరినవాళ్లు కన్నడ అక్షరానికి తెలుగు తలకట్టు పెట్టేస్తారు. ఇవి బద్ధకం వల్ల వచ్చే తప్పులు కావు. వీటికి తిట్టడం అన్యాయం.

పత్రం చేతికొస్తే తల్లిదండ్రులు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. తప్పిన ప్రశ్నలను తెల్లకాగితం మీద రాసిచ్చి, సాయం చేయకుండా మళ్లీ చేయమనండి. ఈసారి సరిగ్గా వస్తే అది తొందరలో జరిగిన పొరపాటు. తెలుగులో చదివి వినిపించాక వస్తే భాష ఇబ్బంది. అప్పటికీ రాకపోతేనే పాఠం అందలేదని అర్థం. ఆ మూడో రకం ప్రశ్నలనే టీచరు దగ్గరికి తీసుకెళ్లాలి. పేరెంట్స్ మీటింగులో ఒక్కొక్కరికీ దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కాస్త సమయంలో ‘మావాడు ఎలా చదువుతున్నాడండీ?’ అంటే ‘పర్వాలేదు’ అన్న జవాబే వస్తుంది. ‘అప్పు తెచ్చుకునే తీసివేత రావట్లేదు, ఇంట్లో ఎలా చేయించమంటారు?’ అని అడిగితే టీచరు దారి చూపగలరు.

బడులు కూడా కదలాలి. కార్డుతోపాటు జవాబు పత్రాన్ని కనీసం రెండు రాత్రులు ఇంట్లో ఉంచుకోనివ్వాలి. ఏ పాఠాల మీద పరీక్ష పెట్టారో, బిడ్డకు ఏది రాలేదో చెప్పే అర పేజీ కాగితం జతచేయాలి. ఇంగ్లిష్‌తోపాటు కన్నడ, తెలుగు, తమిళం, హిందీల్లోనూ అది ఉండాలి. ఇంగ్లిష్ రాని తల్లి సమావేశంలో తలూపి సంతకం పెట్టి వెళ్లిపోతే, ఆమెకు శ్రద్ధ లేదనుకోవడం తప్పు. మీటింగు పనిరోజు పొద్దున పెడితే సెంట్రింగ్ పనికెళ్లే తండ్రికి ఆ రోజు కూలి పోతుంది. ఆదివారమో, సాయంత్రం ఆరు తర్వాతో పెట్టాలి. ఎస్‌ఏ-1 ఫలితాలతోనే ఇది మొదలుపెట్టాలని బెంగళూరు బడుల యాజమాన్యాలనూ, విద్యాశాఖనూ కోరుతున్నాం.