పన్ను మాఫీ కారుకు, కిస్తీల భారం ఆటోకు

నల్లగొండ అనగానే దేశానికి ఫ్లోరైడ్ నీళ్లు గుర్తొస్తాయి. గాలి విషయంలోనూ ఈ పట్టణం ఒక జాబితాకెక్కిందన్న సంగతి ఊళ్లోనే చాలామందికి తెలియదు. కేంద్రం 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోని పట్టణాలుగా తెలంగాణ నుంచి గుర్తించినవాటిలో హైదరాబాద్, పటాన్‌చెరుతో పాటు నల్లగొండ కూడా ఉంది. గడియారం సెంటర్లో పదినిమిషాలు నిలబడితే కారణం ఎవరూ చెప్పనక్కర్లేదు. లేచే దుమ్ము, లారీల పొగ, పాత డీజిల్ ఆటోల నల్లటి పొగ. కాలుష్యం లేని రవాణా హైదరాబాద్ ఐటీ కారిడార్‌కే సంబంధించిన విషయం కాదని మేము మొదటే చెప్పదలచుకున్నాం.

రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబర్‌లో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు నూటికి నూరు శాతం మినహాయించింది. 2020 నాటి రాష్ట్ర ఎలక్ట్రిక్ వాహన విధానంలో ఇన్ని బండ్లకే రాయితీ అన్న పరిమితి ఉండేది. దాన్ని తీసేసి, 2026 డిసెంబర్ 31 వరకు గడువు ఇచ్చింది. మంచి నిర్ణయమే, స్వాగతిస్తున్నాం. కానీ ఆ మేలు ఎవరికి ఎంత అందుతోందో చూడాలి. 15 లక్షల రూపాయల కారు కొన్నవారికి పన్ను రూపంలో రెండు లక్షలకు పైగానే మిగులుతుంది. మరి ప్యాసింజర్ ఆటో కొనేవాడికి? ఆటోలకు రవాణా పన్ను తెలంగాణ వచ్చిన తొలినాళ్లలోనే ఎత్తేశారు. లేని పన్నును మాఫీ చేస్తే అతనికి ఒరిగేదేమిటి? మిగిలేది రిజిస్ట్రేషన్ ఫీజు ఒక్కటే.

అసలు మార్పు మొదలవ్వాల్సింది ఆటోతోనే. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే డీజిల్ ఆటోకు నాలుగు లీటర్లు పడుతుందనుకుందాం. లీటరు 95 రూపాయల లెక్కన 380 రూపాయలు. అదే దూరం ఎలక్ట్రిక్ ఆటో ఎనిమిది పది యూనిట్ల కరెంటుతో తిరుగుతుంది. యూనిట్‌కు 8 రూపాయలు వేసుకున్నా 80 రూపాయలు దాటదు. రోజుకు 300 మిగలడమంటే ఆ ఇంట్లో పిల్లల ఫీజు, సరుకులు, అప్పు వడ్డీ అన్నీ కొంత తేలికైనట్టే. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. కూలికి, కాలేజీకి, ఆస్పత్రికి వెళ్లే ఆడవాళ్లకు అది కొండంత అండ, ఆ పథకం ఉండాల్సిందే. అయితే వాళ్లు బస్సెక్కడంతో పొద్దంతా అడ్డా మీద కూర్చున్నా కిరాయిలు దొరక్క కిస్తీ ఎలా కట్టాలన్న టెన్షన్‌తో ఉన్న ఆటో డ్రైవర్ కూడా ఈ రాష్ట్ర పౌరుడే. అతని చేతిలో రోజుకు 300 మిగిల్చే దారి ఉన్నప్పుడు ప్రభుత్వం దాన్ని వదిలేయకూడదు.

అడ్డంకి అప్పు దగ్గరే ఉంది. ఎలక్ట్రిక్ ఆటో ధర ఎక్కువ. బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందో, పాత బండి ఎంతకు అమ్ముడుపోతుందో తేలక ఫైనాన్స్ వాళ్లు వడ్డీ ఎక్కువ వేస్తారు, లేదంటే ముందే ఎక్కువ డబ్బు కట్టమంటారు. బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ కార్పొరేషన్ల ద్వారా వడ్డీ రాయితీ, అప్పుకు ప్రభుత్వ హామీ ఇస్తే ఈ ముడి వీడుతుంది. పాత ఆటోకు ఇంజిన్ తీసి మోటార్ బిగించుకునేవారికి 15 వేల రూపాయల దాకా సాయం చేస్తామని 2020 విధానంలోనే రాశారు. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో అది ఎందరికి అందిందో ప్రభుత్వం లెక్క బయటపెట్టాలి. పైగా 2025 సెప్టెంబర్ నుంచి 350 సీసీ లోపు పెట్రోలు బైకులపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎలక్ట్రిక్ బండ్లకు ఎప్పటిలాగే 5 శాతం ఉన్నా, ధరలో ఉన్న తేడా పెట్రోలు వైపు కొంత మొగ్గింది.

బస్సుల విషయంలో మన జిల్లాలు రెంటికీ చెడ్డాయి. కేంద్ర పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద ఎలక్ట్రిక్ బస్సులు 40 లక్షల జనాభా దాటిన మహానగరాలకే. మరో కేంద్ర పథకం పీఎం ఈ-బస్ సేవ ప్రధానంగా 3 లక్షల నుంచి 40 లక్షల జనాభా ఉన్న నగరాలకు. 2011 జనగణనలో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ 2 లక్షల లోపే. హైదరాబాద్ నుంచి విజయవాడకు 2023లోనే ఎలక్ట్రిక్ ఏసీ బస్సులు మొదలయ్యాయి. ఇక్కడ పల్లెవెలుగు బస్సు మాత్రం పొగ కక్కుతూనే ఉంది. కేంద్రం గీత బయట పడ్డ జిల్లా కేంద్రాలకు రాష్ట్రమే తన డబ్బుతో బస్సులు కొనాలి.

ఛార్జింగ్ మాటకొస్తే, 65వ, 44వ నంబరు జాతీయ రహదారుల మీద కారువాళ్లకు కొంత ధైర్యం ఉంది. హైవే దిగి దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు తిరిగిన ఆటోవాలాకు ఆ ధైర్యం లేదు. అతనికి కావలసింది ఖరీదైన ఫాస్ట్ ఛార్జర్ కాదు. బస్టాండ్ పక్కన, మార్కెట్ యార్డులో, ఆటో అడ్డా దగ్గర మీటరున్న ప్లగ్ పాయింట్, నెత్తిన నీడ. నీడ గురించి ఊరికే అనడం లేదు. 44, 45 డిగ్రీల ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీని వెంటనే ఛార్జింగ్ పెట్టడం మంచిది కాదు. 2022లో దేశంలో పలుచోట్ల ఈ-స్కూటర్లు తగలబడ్డాక కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది. చిన్న పట్టణాల షాపుల్లో అమ్మే బండ్లు, మార్చే బ్యాటరీలు ఆ ప్రమాణాల ప్రకారం ఉన్నాయో లేదో రవాణా శాఖ తనిఖీ చేయాలి.

కరెంటు మాత్రం బొగ్గుతోనే కదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం మన జిల్లాలోనే ఉంది, దాని చుట్టుపక్కల పల్లెలు పీల్చేదీ గాలే. అందుకే ఆర్టీసీ డిపోల కప్పుల మీద, మార్కెట్ యార్డుల షెడ్ల మీద సోలార్ పలకలు పెట్టి ఛార్జింగ్ పాయింట్లను వాటికి కలపమంటున్నాం. పాలమూరు ఎండకు ఆ పని కష్టం కాదు.

మహబూబ్‌నగర్ పక్కనే దివిటిపల్లిలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి అంచనాతో లిథియం బ్యాటరీల పరిశ్రమకు 2023లో శంకుస్థాపన జరిగింది. పనికోసం ముంబై, పుణె బస్సులెక్కిన పాలమూరు పిల్లలకు ఊరి పక్కనే ఉద్యోగాలు వస్తాయన్న ఆశ దాని చుట్టూ ఉంది. పన్ను మినహాయింపును 2026 తర్వాత కొనసాగించే ఉత్తర్వు రాసేముందు రవాణా శాఖ అధికారులు నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఆటో యూనియన్లను పిలిచి మాట్లాడాలి. ఆటో అప్పుకు వడ్డీ రాయితీ ఎంతో ఆ ఉత్తర్వులోనే అంకెతో సహా రాయాలి.