150 మాటల్లో పెద్దబాపు

విలేకరులకు అవార్డులిచ్చే సభల్లో, అవార్డు వచ్చినవాడి ఫొటో మర్నాడు పేపర్లో పడుతుంది. అది ఎవరికివ్వాలో తేల్చినవాళ్ల చరిత్ర మాత్రం మొత్తంగా సావనీర్‌లో పడుతుంది. ఆ సావనీర్ ఎవరైనా చదువుతారా అంటే, చదువుతారు. తేల్చినవాళ్లు చదువుతారు.

మా పెద్దబాపు హన్మకొండలో ఉంటారు. పరకాలలో కంట్రిబ్యూటర్‌గా మొదలుపెట్టారు. తెల్లకాగితం మీద వార్త రాసి, కవర్లో పెట్టి, ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపే రోజులవి. తర్వాత సబ్ ఎడిటర్, ఆ తర్వాత జిల్లా ఎడిషన్ ఇన్‌చార్జి. ఆయన బల్ల మీదికి నాలుగు పేరాలుగా వెళ్లిన వార్త నాలుగు పేరాలుగా బయటికి రావడం ఎవరూ చూడలేదు. తన పెళ్లి శుభలేఖలోనే 'సకుటుంబ సపరివార సమేతంగా' కొట్టేసి 'అందరూ' అని రాశారట. పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఈమధ్య ఒక సంస్థ గ్రామీణ విలేకరులకు అవార్డులు పెట్టి ఆయన్ని న్యాయనిర్ణేతగా పిలిచింది. రెండో న్యాయనిర్ణేత జర్నలిజం ప్రొఫెసర్, ఆయనా రిటైరే. నిర్వాహకులు ఇద్దర్నీ అడిగింది ఒక ఫొటో, 150 మాటలకు మించని పరిచయం. అంతే.

ఎంట్రీలన్నీ చదవడానికి పెద్దబాపుకు ఒక పూట పట్టింది. సొంత పరిచయానికి వారం పట్టింది. ఆయన చెప్పడం, నేను టైప్ చేయడం. పదో తరగతి పాసయ్యేసరికే 150 మాటలు దాటిపోయాయి. పరకాల బస్సు డ్రైవర్ పేరు కూడా ఉండాలంటారు.

"పెద్దబాపూ, జర తగ్గియ్యాలె."

"ఏం దీస్తవ్‌రా? అన్నీ ముఖ్యమైనయే."

వంటింట్లోంచి పెద్దమ్మ గొంతు వినపడింది: "ముఖ్యమైంది ఒక్కటే ఉంటది, మిగిలింది కొట్టెయ్యిమని ఫోన్ల ఎవరో ఒర్రుతుండె. ఆయనెవరో యాదికొస్తలేడు."

పెద్దబాపు విననట్టే కళ్లద్దాలు తుడుచుకున్నారు. బయోడేటా అంటే ఆటలు కాదని నాకు జానెట్ కుక్ సంగతి చెప్పారు. వాషింగ్టన్ పోస్ట్ విలేకరి ఆమె. హెరాయిన్‌కు అలవాటుపడిన ఎనిమిదేళ్ల పిల్లాడి గురించి కథనం రాసి 1981లో, అమెరికాలో పత్రికారచనకూ సాహిత్యానికీ ఇచ్చే పులిట్జర్ బహుమతి గెలుచుకుంది. అంతకుముందు ఆమె పనిచేసిన పేపరువాళ్లు, గెలిచాక వెలువడిన పరిచయంలో ఆమె చదువులు చూసి, ఇవి మనకు తెలిసిన చదువులు కావే అనుకున్నారు. ఆ తీగ లాగితే డొంకంతా కదిలింది. చదువులే కాదు, ఆ పిల్లాడే లేడు. బహుమతి వెనక్కి పోయింది.

"చూసినవా? కథ చదివి బహుమతి ఇచ్చిండ్రు, బయోడేటా చదివి పట్టుకున్నరు. అందుకే ఏదీ వదలొద్దు."

ఆమె కొంప ముంచింది ఎక్కువ రాసుకోవడమే కదా అనబోయి ఊరుకున్నాను. పెద్దాయన, పైగా అప్పుడే చాయ్ వచ్చింది. చివరికి 600 మాటలతో పంపారు. ప్రొఫెసర్ గారిది అంతకంటే పొడుగని, చివర ఆధారాల పట్టిక కూడా ఉందని తెలిశాక మనసు కుదుటపడింది.

జ్యూరీ సమావేశం రోజు ప్రొఫెసర్ గారు పద్ధతి గురించి పట్టుబట్టారు. 1917 నుంచి ఇస్తున్న పులిట్జర్‌లో జ్యూరీ విజేతను ఎంచదు, మూడు పేర్లు సూచిస్తుంది, తేల్చేది బోర్డు. ఒక్కదానికీ మెజారిటీ రాకపోతే బోర్డు ఎవరికీ ఇవ్వదు. 2012లో కాల్పనిక సాహిత్యానికి అలాగే ఇవ్వలేదు. మనమూ మూడు పేర్లిచ్చి ఆగుదామన్నారు. నిర్వాహకుడు తలుపు దగ్గర నిలబడి, "సార్, షీల్డుల మీద పేర్లు చెక్కియ్యాలె, దుకాణం ఆరింటికి బంద్" అన్నాడు. ఆరు లోపే తేలిపోయింది. నిజం చెప్పాలంటే న్యాయంగానే తేలింది. చెరువు తూము గురించి రాసిన కుర్రాడికి మొదటి బహుమతి. పెద్దబాపు కొట్టెయ్యడానికి అందులో ఒక్క మాట కూడా దొరకలేదట.

సభలో ఆ కుర్రాడు వేదిక మీద ఉన్నది అర నిమిషం. ఫొటోగ్రాఫర్ 'ఇటు సూడన్నా' అనేలోపే దిగిపోయాడు. తర్వాత న్యాయనిర్ణేతల పరిచయం మొదలైంది. వ్యాఖ్యాత చేతిలో కాగితాలు తారుమారయ్యాయి.

"పరకాల బస్టాండ్ నుంచి ప్రస్థానం ప్రారంభించి..." అని చదువుతూ ఆయన ప్రొఫెసర్ గారి వైపు చెయ్యి చూపించాడు. ప్రొఫెసర్ గారు అటూ ఇటూ చూశారు. బస్సు డ్రైవర్ పేరు వచ్చేసరికి లేచి నిలబడి దండం పెట్టారు. శాలువా పడింది. తర్వాత పెద్దబాపు వంతు. "పన్నెండు మంది పరిశోధకులకు మార్గదర్శి, అనేక అంతర్జాతీయ సదస్సుల్లో పత్రసమర్పకులు..." చిన్న అచ్చుతప్పు పడితేనే మర్నాడు సవరణ వేయించిన మనిషి, అడ్డం చెప్తారని చూశాను. కళ్లు మూసుకుని తలాడిస్తున్నారు.

పైగా మాట్లాడమంటే ఇనుగుర్తి ఎత్తుకున్నారు. 1922లో ఆ పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' పత్రిక నడిపిన సంగతి చెప్పి, "వాళ్లను బయోడేటా అడిగినోడున్నడా?" అని ప్రశ్నించారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ముందు వరుసలో పెద్దమ్మకు గట్టిగా దగ్గొచ్చింది.

ఇంటికొస్తూ ఆటోలో అడిగాను.

"సభ నడుస్తుంటే సవరణ ఎట్ల ఏస్తంరా?" అన్నారు.

అక్కడితో అయిపోలేదు. సభలో ఆ పరిచయం విన్న కుర్రాడొకడు పీహెచ్‌డీ సినాప్సిస్ పట్టుకుని ఇంటికొచ్చాడు. నలభై పేజీలు. గైడ్‌షిప్ కావాలట. తాను ప్రొఫెసర్‌ను కానని చెప్పడానికి పెద్దబాపు నోరు తెరిచారు, ఇంతలో మొదటి వాక్యం మీద కళ్లు పడ్డాయి. ఎర్ర పెన్ను తీశారు. గంట తర్వాత కుర్రాడి చేతికి ఒకటిన్నర పేజీ వచ్చింది, పైన హెడ్డింగు, పక్కన బాక్సు. "సార్, మెథడాలజీ?" అన్నాడు వాడు ఏడుపు గొంతుతో. "మూడో పేరాల కలిపిన, సూడు" అన్నారు.

అటు ప్రొఫెసర్ గారి దగ్గరికి వాళ్ల కాలనీవాళ్లు వెళ్లారు. అంత పాత విలేకరి మన వీధిలోనే ఉండి మోరీ గురించి ఒక వార్త వేయించలేరా అని. ఆయన ఉత్సాహంగా మూడు పేజీలు రాసి, కింద పదకొండు పాదసూచికలిచ్చి పంపారు. ఏదో పేపర్లో లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌లో నాలుగు లైన్లు వచ్చింది, పేరు లేకుండా. దాన్ని కత్తిరించి బయోడేటాకు జతచేశారని పెద్దబాపు కనుక్కుని వచ్చారు.