కొండచిలువకు విషమెక్కడిది?

(రే బ్రాడ్‌బరీ నవల ‘ఫారెన్‌హీట్ 451’ 1953లో వచ్చింది. అందులో ఫైర్‌మెన్ మంటలార్పరు, పుస్తకాలు దొరికిన ఇళ్లను తగలబెడతారు. అలాంటి ఉద్యోగి మోంటాగ్. ఆ నవలలోని పోలికల మీద ఒక అక్కకీ తమ్ముడికీ వాదన.)

తమ్ముడు: మొదటి పేజీకే అలసిపోయానక్కా. కిరోసిన్ పైపు విషం కక్కే కొండచిలువట, మోంటాగ్ చేతులు సంగీత బృందాన్ని నడిపించేవాడి చేతులట, కాలే పుస్తకాలు పావురాలట. పోపు తప్ప పులిహోర కనపడలేదు. అయినా కొండచిలువకు విషమెక్కడిది?

అక్క: ఆ చూపు మోంటాగ్‌ది. కాల్చడం అప్పుడు అతనికి పండగ. చేతిలో పైపు ఎంత భయంకరంగా కనిపిస్తే అంత గర్వం. మత్తులో ఉన్నవాడికి జంతుశాస్త్రం ఎందుకురా?

తమ్ముడు: నువ్వు రచయితను వెనకేసుకొస్తున్నావు. కథ చెప్పేది మోంటాగ్ కాదుగా!

అక్క: ‘అతను’ అని రాసినా చూసేది అతని కళ్లతోనే. పావురాన్నే తీసుకో. మొదట్లో పుస్తకాలు వాకిట్లో రెక్కలు కొట్టుకుంటూ చస్తాయి. తర్వాత ఒక ముసలావిడ ఇంటి మీద దాడిలో, పైనుంచి పడ్డ పుస్తకం తెల్ల పావురంలా అతని చేతుల్లో వాలుతుంది. ఒక వాక్యం కళ్లబడుతుంది. కాసేపటికి ఒక పుస్తకం దొంగిలిస్తాడు కూడా. పావురం అదే, చూసేవాడే మారిపోతున్నాడు. నిప్పూ అంతే. చివర్లో చలిమంట చూసి, ఇది కాల్చడం లేదు, వెచ్చబెడుతోంది అనుకుంటాడు.

తమ్ముడు: సరే, పావురం ఒప్పుకుంటా. భార్య మిల్‌డ్రెడ్ నిద్రమాత్రలు మింగినప్పుడు కడుపు కడిగే గొట్టం, బావిలోకి దిగే నల్లత్రాచు. మళ్లీ పామే! నాకు పామూ బావీ గుర్తున్నాయి, ఆవిడ గుర్తులేదు.

అక్క: అక్కడ ఆవిడ ఎవరికి గుర్తుందిరా? వచ్చినవాళ్లు అసలు డాక్టర్లే కారు, మెషీన్ నడిపేవాళ్లు. ఇలాంటి కేసులు రాత్రికి తొమ్మిదో పదో వస్తాయంటారు.

తమ్ముడు: నాకు నచ్చింది జల్లెడ. చిన్నప్పుడు జల్లెడను ఇసుకతో నింపబోయి ఏడ్చిన సంగతి, రైల్లో బైబిల్ గుర్తుపెట్టుకోబోతుంటే మోంటాగ్‌కి గుర్తొస్తుంది. చుట్టూ టూత్‌పేస్ట్ ప్రకటన మోత. అలా నిదానంగా ఒక్కటి చాలదా? పక్కింటి పిల్ల క్లారిస్ ‘సంతోషంగా ఉన్నావా?’ అని అడిగింది, అంతే. అందులో పామూ లేదు, పావురమూ లేదు. మోంటాగ్ కదిలింది దానికేగా.

అక్క: కదిలాక ఏమనుకున్నాడు? సంతోషాన్ని ముసుగులా వేసుకున్నాననీ, ఆ పిల్ల దాన్ని పట్టుకుని పారిపోయిందనీ. మళ్లీ పోలికే.

తమ్ముడు: ముసుగు ఉంచుకో. త్రాచును మాత్రం ఒప్పుకోను.