కట్టినవాడే ముందు దాటాలట!

జామెట్రీ డాష్ అనే వీడియో గేమ్‌లో ఒక ఘోరమైన నిబంధన ఉంది. దాని మీద మేధావులెవరూ నోరు విప్పకపోవడం విచారకరం. ఆటలోనే ఉన్న ఎడిటర్ అనే పనిముట్టుతో ఎవరైనా సొంతంగా లెవెల్ కట్టుకోవచ్చు. కానీ దాన్ని జనం మీదికి వదలాలంటే, కట్టినవాడు ముందు తానే మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారైనా చావకుండా దాటి చూపించాలి. దీన్ని వెరిఫై చేయడం అంటారు. చచ్చినా అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టేలా చెక్‌పాయింట్లు పెట్టుకుంటూ ప్రాక్టీస్ మోడ్‌లో దాటితే చెల్లదట!

ఇదెక్కడి న్యాయం? ప్రశ్నపత్రం తయారుచేసే మేష్టారు కూర్చుని పరీక్ష రాస్తారా?

ఈ ఆట 2013లో వచ్చింది. చేసింది స్వీడన్‌కు చెందిన రాబర్ట్ టొపాలా. పాట మోగుతుంటే ఒక చదరపు బొమ్మ దానంతటదే పరుగెడుతుంది, తెర నొక్కితే ఎగురుతుంది. ముల్లు తగిలిందా, బొమ్మా మొదటికే, పాటా మొదటికే. ఆ బొమ్మకు ఓడ రూపం మొదటి నుంచే ఉంది, తర్వాత బంతి, వేవ్, రోబో, సాలీడు వగైరా రూపాలు చేరాయి. 2017లో 2.1 అప్‌డేట్ ఇచ్చిన ఆయన 2.2 ఇచ్చింది 2023 డిసెంబరులో. ఆయన తీరిక ఆయనది. నిబంధనలు మనకు.

పాపం, లెవెల్ కట్టేవాడి బాధ చూడండి. అర్ధరాత్రి ఉత్సాహంలో మూడు ముళ్లు వరసగా పెడతాడు. ఓడ దూరడానికి సన్నని సందు వదిలి, దాని ముందు మెరుపులు పెడతాడు. డ్రమ్ము దెబ్బ పడే చోట కాకుండా కాస్త అటూఇటూగా ఒక దూకుడు ఇరికిస్తాడు. ఎంత ముద్దుగా ఉందో అని మురిసిపోతాడు. తెల్లారి వెరిఫై చేయబోతే 97 శాతం దగ్గర ఆ ముల్లే వాడిని పొడుస్తుంది. ప్రజల కోసం చేసినది ప్రజలకు చేరకముందే తయారీదారు అనుభవించాల్సి రావడం కంటే అన్యాయం ఉంటుందా?

పైగా ఇంత హింస పెట్టి ఈ నిబంధన సాధించేదేమిటి? లెవెల్ దాటడం సాధ్యమేనని తేలుతుంది, అంతే. అందులో న్యాయం ఉందని తేలదు. కనిపించని ముల్లు ఎక్కడుందో కట్టినవాడికి కంఠతా వచ్చు కదా! చెవి చెప్పినట్టు వేలు కదిలేలా కట్టడం వేరే విద్య. అది చేతకానివాడు కూడా నెల్లాళ్లు కూర్చుంటే తన లెవెల్ తాను దాటేస్తాడు. దాటి, "చాలా ఈజీ, బీట్ వింటే చాలు" అని మనకు ఉచిత సలహా ఇస్తాడు.

సంతోషకరమైన విషయం ఏమిటంటే, పై తరగతివారు దీనికి దారి కనిపెట్టారు. ఆటలో అన్నిటికన్నా కష్టమైన తరగతి డీమన్ లెవెల్స్‌ది, వాటిలో ఈజీ నుంచి ఎక్స్‌ట్రీమ్ దాకా ఐదు మెట్లు ఉన్నాయి. (ఈజీ డీమన్ అన్న పేరు పెట్టినవారి హాస్యప్రియత్వానికి నమస్కారం.) ఆ పై మెట్టులో చాలాసార్లు కట్టేది ఒకరు, చేయి తిరిగిన ఆటగాడిని బతిమాలి వెరిఫై చేయించేది అతనితో. ఆలోచన మాది, చావు మీది. ఇదీ పద్ధతంటే.

ఈ సౌకర్యాన్ని సామాన్య లెవెల్ కర్తలకూ చట్టబద్ధం చేసి, వెరిఫికేషన్‌ను వెంటనే రద్దు చేయాలని నా డిమాండ్. ఆలస్యమైతే ప్రమాదం. ఈ ఆట ఆడుతూ పెరిగిన పిల్లలు రేపు ఏదో ఆఫీసు కౌంటర్ దగ్గర నిలబడి, "సార్, ఈ ఫారం ముందు మీరొకసారి తప్పులేకుండా నింపి చూపించండి" అంటారు.