పొగిడినప్పుడు అడగని ప్రశ్న

‘‘మీరు ఓషోను పూర్తిగా చదివారా?’’

ఆదివారం మధ్యాహ్నం నుంచి మా డెస్క్‌లో ఫోన్ ఎత్తిన ప్రతివారికీ ఎదురైన మొదటి మాట ఇదే. ఆ ఉదయం అనుబంధంలో, అమెరికాలోని ఆరెగాన్‌లో ఓషో శిష్యులు చేసిన విషప్రయోగం మీద ఒక వ్యాసం వేశాం. అదేమీ కొత్తగా తవ్వి తీసింది కాదు. నలభై ఏళ్ల కిందట అమెరికా కోర్టుల్లో తేలిపోయిన సంగతి. 2018లో నెట్‌ఫ్లిక్స్ ఆరు భాగాలుగా ఊరూవాడా చూపించిన సంగతి. అయినా సోమవారం పొద్దుటికి మెయిల్ నిండిపోయింది. చాలా ఉత్తరాలు ఒకే వాక్యంతో మొదలై ఒకే వాక్యంతో ముగిశాయి. ఎందుకో ముందు అర్థం కాలేదు. ఒక పెద్దాయన పుణ్యమా అని తెలిసింది. వాట్సాప్‌లో తనకు వచ్చినదాన్ని వచ్చినట్టే మాకు పంపేశారాయన. పైన ‘కింద మీ పేరు, ఊరు రాసి ఎడిటర్‌కు పంపగలరు’ అన్న లైను అలాగే ఉంది. కింద పేరూ లేదు, ఊరూ లేదు.

గుంపులో గొర్రె కావద్దని, ఎవరో చెప్పారని దేన్నీ నమ్మవద్దని ఏళ్ల తరబడి ప్రసంగించిన మనిషి తరఫున వచ్చిన ఉత్తరాలివి!

ఉత్తరాలన్నీ చదివాం. వ్యాసంలో ఫలానా తేదీ తప్పు, ఫలానా అంకె తప్పు అన్నవి ఎన్ని ఉన్నాయో చూడమని ఒక సబ్ ఎడిటర్‌ను కూర్చోబెట్టాం. ఒక్కటీ లేదు. అన్నీ మా అర్హత గురించే. చదవనివాడికి రాసే హక్కు లేదట. ధ్యానం చేయనివాడు ప్రశ్నించకూడదట. ఆయన ఎదుట కూర్చోనివాడికి ఆయన గురించి ఏం తెలుస్తుందట.

సరే, ఈ అర్హత పరీక్ష ఎప్పుడెప్పుడు పెడతారు? డిసెంబర్ 11 ఆయన పుట్టినరోజు. ఆ సందర్భంగా ఇదే పత్రిక ఒకసారి అరపేజీ ప్రశంస వేసింది. మాలో మాట, అది రాసిన మిత్రుడు చదివింది రెండు పుస్తకాలు, అందులో ఒకటి సగం. ఆ రోజు ఒక్క ఫోన్ రాలేదు. పూర్తిగా చదివారా అని ఎవరూ అడగలేదు. పైగా కటింగ్ ఫ్రేము కట్టించుకున్నామని ఒకరిద్దరు చెప్పారు కూడా. పొగడడానికి ఒకటిన్నర పుస్తకం చాలినప్పుడు, ప్రశ్న అడగడానికి వందల పుస్తకాలూ కావలసి వచ్చాయా? మా అభ్యంతరమంతా ఈ రెండు తూకపు రాళ్ల గురించే.

వ్యాసం ఏం చెప్పిందో క్లుప్తంగా చెబుతాం. 1981లో రజనీష్ (ఓషోకు అప్పటి పేరు) శిష్యులు ఆరెగాన్ రాష్ట్రంలో 64 వేల ఎకరాల రాంచ్ (పశువుల క్షేత్రం) కొన్నారు. పక్కనే ఉన్న యాంటిలోప్ అనే ఊళ్లో పట్టుమని యాభై మంది ఉండరు. ఎన్నికల్లో ఆ ఊరి పాలన శిష్యుల చేతికొచ్చింది, ఊరి పేరు కూడా రజనీష్ అయిపోయింది. ఆ తర్వాత వాళ్ల కన్ను జిల్లా పాలన మీద పడింది. 1984 నవంబర్ ఎన్నికల్లో తమకు వ్యతిరేకంగా ఓటేసేవాళ్లు మంచం పట్టి బూత్‌కు రాకుండా ఉంటే చాలుననుకున్నారు. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఆ జిల్లాలోని ద డాల్స్ పట్టణంలో ఉన్న పది హోటళ్లలో, జనం ఎవరికి వారు వడ్డించుకునే సలాడ్ గిన్నెల్లో, కాఫీలో పోసుకునే క్రీమ్‌లో కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా క్రిములు కలిపారు. 751 మంది జబ్బు పడ్డారు, 45 మంది ఆసుపత్రిలో చేరారు. ఎవరూ చనిపోలేదు. పదివేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు అది. ఎన్ని ఇళ్లలో ఎంతమంది మంచాన పడ్డారో లెక్క వేసుకోండి.

చూసి రమ్మంటే కాల్చి వచ్చినట్టు రజనీష్ కార్యదర్శి షీలా, ఆమె చుట్టూ ఉన్న కొందరే ఇదంతా చేశారని, గురువుకు ఏమీ తెలియదని అభిమానులు అంటారు. విషప్రయోగం కేసులో రజనీష్ మీద అభియోగం లేదన్నది నిజం. వ్యాసంలోనూ ఆ మాట ఉంది. ఆయన రాజీపడింది వలస చట్టం కేసులో. 1985 నవంబర్‌లో 4 లక్షల డాలర్లు కట్టి దేశం విడిచి వచ్చారు. పత్రికలు చేసిన పాపాలు లేవని కూడా మేము అనం. 93 రోల్స్‌రాయిస్ కార్లు లెక్కపెట్టడంలో చూపిన శ్రద్ధ ఆయన చెప్పిందేమిటో వినడంలో చూపని విలేకరులు బోలెడుమంది. ‘సెక్స్ గురు’ అన్న రెండు ముక్కలతో పని కానిచ్చిన పత్రికలు మన దేశంలోనే ఎన్నో. 1983 జులైలో పోర్ట్‌లాండ్‌లోని వాళ్ల హోటల్లో బాంబు పేలింది. అక్కడి జనంలో ద్వేషం ఉంది, అందులో జాతి ద్వేషమూ ఉంది. ఇవన్నీ ఒప్పుకున్నాం. ఒప్పుకున్నాక కూడా 751 అంకె 751గానే ఉంటుంది.

అప్పట్లో ఏం జరిగిందో చూస్తే ఇప్పటి ఉత్తరాలు ఇంకా బాగా అర్థమవుతాయి. మొదట అధికారులు హోటల్ పనివాళ్ల చేతుల శుభ్రత మీదకు నెట్టేశారు. 1985 ఫిబ్రవరిలో ఆరెగాన్ ప్రతినిధి జేమ్స్ వీవర్ అమెరికా ప్రతినిధుల సభలో లేచి, ఇది కావాలని చేసిన పని అని, వేలు రాంచ్ వైపే చూపిస్తోందని అన్నాడు. ఆయనకు అనుమానపు జబ్బు అన్నారు, మత ద్వేషి అన్నారు. అన్నవాళ్లలో మా వృత్తివాళ్లూ ఉన్నారు, దాచడమెందుకు. ఆ వేసవిలో ‘ది ఆరెగోనియన్’ పత్రిక 20 భాగాల పరిశోధన ప్రచురించింది. రాంచ్ నుంచి వచ్చిన జవాబు మనకు ఇప్పుడు తెలిసిందే: ద్వేషం, అజ్ఞానం, అసూయ. తర్వాత బయటపడింది ఏమిటంటే, ఆ పరిశోధన చేసిన విలేకరుల్లో ఒకరైన లెస్ జైట్జ్ పేరు శిష్య నాయకత్వం తయారుచేసిన హత్యల జాబితాలో ఉంది. ఈ ముక్క మా వ్యాసంలో చోటు చాలక పోయింది. ఇప్పుడు వేస్తున్నాం.

అసలు సంగతి 1985 సెప్టెంబర్‌లో ఉంది. ఆ నెల మధ్యలో షీలా తన బృందంతో యూరప్‌కు విమానం ఎక్కింది. 16న రజనీష్ స్వయంగా విలేకరులను పిలిపించుకుని, ద డాల్స్‌లో విషం కలిపింది షీలా ముఠాయేనని చెప్పారు. ఫోన్లలో దొంగచాటుగా విన్నారని, హత్యాయత్నాలు చేశారని చెప్పారు. ఫాసిస్టులు అని తిట్టారు. ఆనాటి రాంచ్‌ను ఒక్కసారి ఊహించుకోండి. ఎరుపు, నారింజ రంగు బట్టల్లో వేలమంది. ముందు రోజు దాకా విషం అన్న మాట ఎత్తినవాడు ద్వేషి. ఇప్పుడు అదే మాట గురువు నోట వచ్చింది. మరుక్షణం అది సత్యమైపోయింది! ఆధారాలు మారలేదు, జబ్బు పడ్డవాళ్ల సంఖ్య మారలేదు, మారింది చెప్పిన నోరు ఒక్కటే. ఆ నెలాఖరులో షీలా అంగీలను, రజనీష్ మతం పేరిట అచ్చువేసిన పుస్తకం ప్రతులను వేలుగా మంటల్లో వేశారు, పాటలు పాడారు. ఏడాది ముందు ఆ పుస్తకం మీద నోరెత్తిన విలేకరి గతి ఏమై ఉండేదో!

ఇక్కడా అవే రెండు తూకపు రాళ్లు. బయటివాడు చెబితే ద్వేషం, లోపలివాడు చెబితే దివ్యజ్ఞానం.

బుధవారం ఇంకో మెట్టు ఎక్కారు. వ్యాసాన్ని వెబ్‌సైట్ నుంచి తీసేసి క్షమాపణ చెప్పకపోతే భారతీయ న్యాయ సంహిత 299 సెక్షన్ కింద కేసు పెడతామని ఒక లేఖ వచ్చింది. పాత శిక్షాస్మృతిలో 295ఏ అంటే చాలామందికి వెంటనే గుర్తుకొస్తుంది. ఉద్దేశపూర్వకంగా మత మనోభావాలను గాయపరచడం! ఈ లేఖ చదివి మా డెస్క్‌లో ముందు నవ్వారు, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఏ మతాన్నీ వదలకుండా ఉతికి ఆరేసిన మనిషి ఆయన. పూజారిని, పోప్‌ను, గాంధీని, మదర్ థెరిసాను ఎవరినీ మినహాయించలేదు. ఆ ధైర్యం కోసమే కదా మన కుర్రాళ్లు విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనల్లో ఆయన తెలుగు అనువాదాల ముందు గంటల తరబడి నిలబడేది. 1980 మే నెలలో పూణెలో ప్రసంగం జరుగుతుండగా ఒకడు లేచి ఆయన మీదకు కత్తి విసిరాడు. వాడూ తన మతానికి గాయమైందనే విసిరాడు. ఏ వాదం ఆనాడు ఆయన మీదకు కత్తిగా వచ్చిందో, అదే వాదాన్ని ఇవాళ ఆయన పేరు మీద నోటీసుగా రాస్తున్నారు. ఆయన మాటలకు 299 కొలబద్ద పెడితే ఏ అనువాదం మిగులుతుందో ఈ లేఖ రాసినవారు ఎప్పుడైనా ఆలోచించారా? తమ మీద తిరగబడే కత్తికి తామే సాన పట్టడం కాదా ఇది?

ఇది ఓషో అభిమానులకే పట్టిన తెగులు కాదు. వ్యక్తి స్వేచ్ఛే సర్వస్వమన్న అమెరికా రచయిత్రి అయిన్ రాండ్ చుట్టూ చేరిన బృందం తమకు తాము వేళాకోళంగా పెట్టుకున్న పేరు ‘కలెక్టివ్’, అంటే సమష్టి. వేళాకోళం నిజమవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1957లో ఆమె నవల మీద న్యూయార్క్ టైమ్స్‌లో కటువైన సమీక్ష వచ్చింది. ఆ బృందంలోని ఒక యువకుడు పత్రికకు మండిపడుతూ ఉత్తరం రాశాడు. పేరు అలన్ గ్రీన్‌స్పాన్. తర్వాత అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ అధిపతి అయ్యాడు. 2008 అక్టోబర్‌లో, మార్కెట్లు కుప్పకూలిన వేళ, కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని, తాను నమ్మిన ఆలోచనలో లోపం కనిపించిందని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలుకు 51 ఏళ్లు పట్టింది. అయినా ఆయన్ను ఒక విషయంలో మెచ్చుకోవాలి. 1957లో ఉత్తరం సొంత పేరుతో, సొంత మాటల్లో రాశాడు. ఫార్వర్డ్ చేయలేదు.

మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, తనను జగద్గురువుగా కూర్చోబెట్టడానికి కట్టిన సంస్థను తానే రద్దు చేశారు. వేలమంది శిష్యులు ఎదురుగా ఉండగానే. శిష్యులనేవాళ్లు చివరికి ఏం చేస్తారో ఆయనకు ముందే తెలిసిపోయినట్టుంది.

మమ్మల్ని కలవరపెడుతున్నది ఒక్క ఓషో కాదు, ఒక్క లేఖ కాదు. ఈ పూర్తిగా చదివారా అన్న పరీక్షను ఒకసారి ఒప్పుకుంటే ఆగేదెక్కడ? రేపు ఊరి చివర ఆశ్రమం కట్టిన బాబా మీద భూకబ్జా ఆరోపణ వస్తే, ముందు ఆయన ప్రవచనాలు 200 గంటలు విని రమ్మంటారు. పార్టీ నాయకుడి లెక్కలు అడిగితే ఆయన ఆత్మకథ చదివావా అంటారు. చదివి వెళితే, చదివావు గానీ అర్థం కాలేదంటారు. అర్థమైందంటే, అనుభవం కాలేదంటారు. ఈ మెట్లకు చివర ఉండదు. వాటిని ఎక్కి పైకి చేరినవాడు అప్పటికే శిష్యుడై ఉంటాడు, ఇక ప్రశ్న అడగడు. ఈ పరీక్ష పెట్టేది అందుకే. పొగిడేవాడిని మాత్రం మొదటి మెట్టు దగ్గరే దండ వేసి లోపలికి తీసుకుపోతారు.

పూణె ఆశ్రమం ఆస్తుల కోసం శిష్యులే వర్గాలుగా విడిపోయి కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. ఆ తగాదాల్లో ఎవరి వాదన వాళ్లు వినిపించడానికి పత్రికల వాళ్లనే పిలుస్తున్నారు. ప్రెస్ నోట్లు ఇస్తున్నారు, ఫొటోలు ఇస్తున్నారు. అప్పుడు ఎదురుగా కూర్చున్న విలేకరిని, బాబూ నువ్వు ఎన్ని ధ్యానాలు చేశావని ఎవరైనా అడిగారా? టీ కావాలా అని అడిగి ఉంటారు.

వ్యాసం తీసేయం. క్షమాపణ చెప్పం. నోటీసుకు మా లాయరు జవాబు రాస్తున్నారు. ఉత్తరాలు రాసిన మిత్రులు నొచ్చుకున్నారని తెలుసు. వాళ్లలో చాలామందికి ఆ పుస్తకాలు కష్టకాలంలో ఊరట ఇచ్చి ఉంటాయి, అది అబద్ధమని మేమెక్కడా అనలేదు. కానీ మీకు కలిగిన ఊరటకూ, ద డాల్స్‌లో సలాడ్ తిని మంచం పట్టిన మనిషి కడుపునొప్పికీ ఏమిటి సంబంధం? మీ ఊరట ఆ నొప్పికి జవాబు ఎలా అవుతుంది? పదేపదే అడిగినా ఆ ఒక్క ప్రశ్న దగ్గర అందరూ మౌనం. ధ్యానం అనుకోవాలేమో.

751 తప్పా? పది హోటళ్లు తప్పా? సెప్టెంబర్ 16న గురువు చెప్పిన మాట తప్పా? ఏది తప్పో రాసి పంపండి, ఇదే పేజీలో వేస్తాం. 300 మాటలకు మించకుండా, సొంతంగా రాయండి. ఈసారైనా కింద పేరు, ఊరు రాయడం మరచిపోకండి.